కారు కాదు... లోపలి గేరు ముఖ్యం!

పెట్టె మీద మిలమిలా మెరిసే ఎర్ర ఫెరారీ బొమ్మ. పిల్లాడు కారును చూస్తాడు. నాన్న ధర చూసి గుండె చిక్కబట్టుకుంటాడు. ఇంకో రకం మనుషులున్నారు. వాళ్లు ముందుగా చూసేది కారునీ కాదు, ధరనీ కాదు. 'ఇంతకీ ఇందులో కొత్త ముక్క ఏమొచ్చింది?' అని వెతుకుతారు. ఇంతకుముందు లేని పళ్లచక్రం ఒకటి కనిపించినా, ఇన్నాళ్లూ నలుపులో తప్ప దొరకని పట్టీ ఈసారి ఆకుపచ్చలో వచ్చినా చాలు... ఆరోజు వాళ్లకి పండగే!

అలాగని వీళ్లు పలకాబలపం పట్టే వయసు వాళ్లేం కాదు. ముప్ఫయ్యేళ్ల ఇంజినీర్ల నుంచి మనవలున్న తాతయ్యల దాకా ఉంటారు. ప్రపంచమంతా ఉన్న ఈ జనాన్ని కలిపేది 'లెగో టెక్నిక్'. డెన్మార్కులోని లెగో కంపెనీ తయారుచేసే యంత్రాల బొమ్మలివి. మామూలు లెగో ఇటుకలతో ఇల్లు కడితే అది కదలకుండా నిలబడుతుంది. టెక్నిక్ ముక్కలతో కట్టింది మాత్రం కదలాలి. స్టీరింగు తిప్పితే చక్రం తిరగాలి, చక్రం తిరిగితే లోపల పిస్టన్లు ఆడాలి. ఆడకపోతే అభిమాని ఊరుకోడు!

మేకుల్లేని వర్క్‌షాపు

లెగో కథ చాలామందికి తెలిసిందే. డెన్మార్కులోని బిలుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సన్ అనే వడ్రంగి 1932లో చెక్కబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. రెండేళ్లకి 'చక్కగా ఆడుకో' అని అర్థమొచ్చే డేనిష్ మాటల్ని కలిపి లెగో అని పేరుపెట్టాడు. ఇవాళ మనం చూస్తున్న ప్లాస్టిక్ ఇటుకకి పేటెంటు దరఖాస్తు 1958 జనవరి 28న పడింది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకి టక్కున అతుక్కుంటుంది. అభిమానుల గొడవలన్నిటికీ మూలం ఈ మాటే కాబట్టి కాస్త గుర్తుపెట్టుకోండి.

యంత్రాల బొమ్మల్లో లెగో మొదటిది కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లోనే చిల్లులున్న రేకుపట్టీలు, నట్లు, బోల్టులతో ఆడుకునే ఆటకి పేటెంటు తీసుకున్నాడు. అదే తర్వాత 'మెకానో' అయింది. మన దేశంలో 'మెకానిక్స్' పేరుతో అలాంటి పెట్టెలే దొరుకుతాయి. చిన్న స్పానరు, స్క్రూడ్రైవరు పట్టుకుని క్రేన్లు బిగించిన వాళ్లు మన ఇళ్లలోనూ ఎందరో. అందులో ఒక్క నట్టు మంచం కిందకి దొర్లిపోయిందా... ఇల్లంతా చీపురు పట్టి ఊడవాల్సిందే! జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ 1960ల్లో 'ఫిషర్‌టెక్నిక్' తెచ్చాడు. గోడకి స్క్రూ బిగించేముందు చిల్లులో దూర్చే ప్లాస్టిక్ గొట్టాన్ని నేటి రూపానికి తెచ్చింది కూడా ఆయనే.

1977లో లెగో ఆ దారిలోకి వచ్చింది. ఫోర్కులిఫ్టు, ట్రాక్టరు, హెలికాప్టరు, వాటితోపాటు ఒక కారు చట్రం విడుదల చేసింది. కారు కాదు, చట్రం! పైన బాడీ లేదు, తలుపుల్లేవు. సీట్లు ముందుకీ వెనక్కీ జరుగుతాయి. స్టీరింగు పనిచేస్తుంది. నాలుగు పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. రెండు గేర్లు. షోరూములో పెట్టే కారును కాకుండా షెడ్డులో విప్పిన కారును పిల్లల చేతికిచ్చిన బొమ్మ అది. 'టెక్నిక్' అన్న పేరు 1980ల్లో స్థిరపడింది కానీ ఆ పేరుకి అర్థం చెప్పింది మాత్రం ఈ చట్రమే. ఆనాడు దాన్ని విప్పి బిగించిన పిల్లలే ఇప్పుడు కొత్త పెట్టె రాగానే కళ్లజోడు సవరించుకుని పళ్లు లెక్కపెట్టే పెద్దలు.

ఎనిమిది మిల్లీమీటర్ల లెక్క

ఒక చిన్న గేరు గురించి పెద్దవాళ్లు అంతలా చర్చించుకోవడం ఏమిటన్న అనుమానం రావచ్చు. దానికి కొంచెం లెక్క చెప్పుకోవాలి. కష్టమేం కాదు, ఎక్కాలు వస్తే చాలు.

టెక్నిక్ పట్టీల్లో చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. గేరు చక్రాల్ని ఎలా చేశారంటే... ఎన్ని పళ్లుంటే లెక్కలో దాని వ్యాసం అన్ని మిల్లీమీటర్లు. 8 పళ్లదానికి 8, 24 పళ్లదానికి 24. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే కేంద్రాల మధ్య దూరం, రెండు వ్యాసాల్లో సగం సగం కలిపితే, 4, 12... మొత్తం 16 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా రెండు చిల్లుల దూరం! 8, 40 పళ్లవి కలిపితే మూడు చిల్లులు. 24, 40 అయితే నాలుగు. 16 పళ్లవి రెండు పెట్టినా, 12కి 20 జోడించినా మళ్లీ రెండే. పిల్లాడు కొలతలేవీ చూసుకోకుండా చిల్లుల్లో ఇరుసులు దూర్చేస్తే పళ్లు వాటంతటవే కలుసుకుంటాయి.

ఇంత అందంగా అమిరిన లెక్కలోకి కొత్త గేరు ఒకటి వచ్చిందంటే ఏమిటి? అప్పటిదాకా కుదరని వేగాలు కుదురుతాయి. కుదరని చోట్ల ఇరుసులు పడతాయి. సంగీతంలో కొత్త స్వరం దొరికినట్టన్నమాట. ఆరు మామూలు ఇటుకల్నే, ఒకే రంగువి, ఎనిమిది బుడిపెలవి, 91,51,03,765 రకాలుగా పేర్చవచ్చని గణిత శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. అవి కదలని ఇటుకలు. ఇక కదిలేవాటి సంగతి ఆలోచించుకోండి.

కొత్త ముక్క వార్త కావడానికి ఇంకో కారణం డబ్బు. ప్రతి కొత్త ముక్కకీ ఉక్కుతో కొత్త అచ్చు చెక్కాలి. 2003-04 ప్రాంతంలో లెగో దివాలా అంచుకి వెళ్లింది. అప్పటికి ముక్కల రకాలు పన్నెండు వేలు దాటాయి. ఎవరికి తోచింది వాళ్లు గీసి అచ్చులు పోయించడం కూడా కంపెనీ కష్టాలకో కారణమని తేలింది. 2004లో పగ్గాలు పట్టిన యోర్గెన్ విగ్ నడ్‌స్టార్ప్ హయాంలో ఆ రకాల్ని సగానికి దగ్గరగా కోసేశారు. అప్పట్నుంచీ డిజైనర్లకి కొత్త ముక్కలంటే రేషన్ బియ్యం లెక్కే. అడిగినన్ని రావు. ఎంతో గట్టి అవసరం ఉంటే తప్ప కొత్తది పుట్టదు. అందుకే అది పుట్టిన రోజున అభిమానులు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి 'దీన్నెందుకు చేశారు? మనమింకా దేనికి వాడొచ్చు?' అని ఆరా తీస్తారు.

ఒక్కో ముక్కా ఒక్కో మలుపు

1980లో వచ్చిన రెండో కారు చట్రంలో డిఫరెన్షియల్ వచ్చింది. డిఫరెన్షియల్ ఏమిటో విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానిక్కునడిగినా టీ తాగేలోపు చెప్పేస్తాడు. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. రెంటికీ ఒకే ఇంజిను. ఆ పంపకం చేసేదే డిఫరెన్షియల్. ఇంజినీరింగు కాలేజీలో బోర్డు మీద గీస్తే బుర్రకెక్కనిది, పదేళ్ల పిల్లాడికి చేత్తో తిప్పితే ఎక్కేసింది. 1984లో గాలి ఒత్తిడితో పనిచేసే సిలిండర్లు, పంపులు, సన్నటి గొట్టాలు వచ్చాయి. 1988 నాటి టెస్ట్ కారులో స్ప్రింగు షాకబ్జార్బర్లు.

1994 'సూపర్ కార్' పేరెత్తితే చాలామంది అభిమానులు ఇప్పటికీ చెంపలేసుకుంటారు. నాలుగు చక్రాలకీ ఇంజిను బలం, నాలుగు చక్రాలకీ స్టీరింగు, నాలుగు గేర్లు, ఎనిమిది పిస్టన్ల ఇంజిను. గేరు మార్చేందుకు జారే ఉంగరంలాంటి ముక్క ఒకటి వచ్చింది. తర్వాత కాలపు టెక్నిక్ గేరుబాక్సుల్లో చాలావాటికి ఆ ఆలోచనే ఆధారం.

2008లో మోటారు తిప్పితే మెల్లగా సాగి ముడుచుకునే కడ్డీలొచ్చాయి. పొక్లెయినర్ చెయ్యి ఎత్తి ఎక్కడ ఆపితే అక్కడే నిలవడం వాటితో తేలికైంది. 2011లో ఊనిమోగ్ లారీతోపాటు ఇరుసు ఎత్తున, చక్రం కేంద్రం కిందికి ఉండే చక్రం కప్పులు వచ్చాయి. దాంతో బండి అడుగుభాగం రాళ్లకి తగలకుండా పైకి లేచింది.

అన్నిటికన్నా ఎక్కువమంది ఎదురుచూసిన ముక్క మాత్రం 2019లో ఒక జీపులాంటి బండిలో దాక్కుని వచ్చింది. మోటారు పెట్టి కొండలెక్కించే బళ్లు కట్టేవాళ్లకి పాత బాధ ఒకటుంది. బండి బరువెక్కి ఎత్తు ఎక్కుతుంటే బలమంతా చక్రం దగ్గరి సన్నటి కీలు మీద పడుతుంది. టప్... కీలు ఊడిపోతుంది, లేదా మెలితిరుగుతుంది. కొత్త ముక్క ఏం చేసిందంటే, వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే గేర్లని ఏకంగా చక్రం కప్పు లోపలే పెట్టింది. ఇప్పుడు కీలు మీదకి వచ్చేది చిన్న బలమే. అది చక్రం దగ్గరకి వెళ్లాక ఐదింతలకు పైగా పెరుగుతుంది. పెద్దపెద్ద మైనింగు డంపర్లలో వాడే పద్ధతే ఇది. ఆ జీపు బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. దాన్ని కొన్నవాళ్లలో చాలామంది విప్పేసి చక్రాల కప్పులు తీసుకున్నారు!

గొడవలు కూడా ఘాటుగానే

అభిమానులంటే చప్పట్లు కొట్టేవాళ్లే అనుకుంటే పొరపాటు. వీళ్లంత గట్టిగా తిట్టేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

అన్నిటికన్నా పాత తగాదా బుడిపెలది. మొదటి తరం టెక్నిక్ పట్టీల మీద మామూలు ఇటుకల్లాగే బుడిపెలుండేవి. చూడ్డానికి లెగోలా ఉండేది. కానీ చిక్కొకటి ఉంది. ఇటుక వెడల్పు 8 మిల్లీమీటర్లయితే ఎత్తు 9.6. ఒకదాని మీద ఒకటి పేరిస్తే నిలువు వరసలో చిల్లులు కలవవు. మధ్యలో రెండు పలచటి పలకలు పెడితే 16 మిల్లీమీటర్లయి మళ్లీ కుదురుతుంది. 1990ల చివర్లో, 2000ల మొదట్లో బుడిపెల్లేని గుండ్రటి అంచుల పట్టీలు ఆ చోటు ఆక్రమించాయి. అన్ని వైపులా 8 మిల్లీమీటర్లే. పైనా కిందా అన్న తేడా లేదు. గట్టిగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది. 'ఇది లెగో కాదు, ఎముకల గూడు' అని పాతవాళ్లు గోలపెట్టారు. ఇన్నేళ్లయినా ఆ గోల పూర్తిగా చల్లారలేదు. నన్నడిగితే పాతవాళ్ల బాధలో అందం ఉంది, కొత్తవాళ్ల లెక్కలో నిజముంది.

రంగుల తగాదా ఇంకోటి. ముక్కల్ని కలిపే పిన్నులు నీలం, ఎరుపు, లేతగోధుమ రంగుల్లో ఉంటాయి. నల్లటి కారు మీద ఎర్రపిన్ను కనిపిస్తే కొందరికి పంటి కింద రాయి తగిలినట్టే. కంపెనీకీ కారణముంది. పొడవు కాస్తే తేడా ఉన్న వందల పిన్నుల్లోంచి సరైనది ఏరాలంటే రంగే దిక్కు. ఇరుసుల్లో కూడా సరిసంఖ్య పొడవువి నలుపు, బేసిసంఖ్యవి బూడిదరంగు అన్నది చాలాకాలం ఆనవాయితీ.

ఇక 2016లో వచ్చిన పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్ సంగతి. 2704 ముక్కలు. నిజం కారులోలా స్టీరింగు వెనకున్న మీటలు నొక్కి గేర్లు మార్చొచ్చు. గంటల తరబడి కూర్చుని కట్టినవాళ్లు గేర్లు మారుస్తూ చక్రాలు తిప్పి చూశారు. ఏదో తేడా! ఒకటి తర్వాత రెండు రావాలి కదా... గేర్లు 1, 3, 2, 4 వరసలో పడుతున్నాయి. కారు బయటికి కడిగిన ముత్యంలా ఉంది. గేరుబాక్సు లోపలెక్కడో ఉంది, పైకి కనిపించదు. కానీ అభిమానులకి అదే కావాలి. కొందరు సొంతంగా సరిచేసి చూపించారు. ఇదే వాళ్ల అసలు వాదన. లోపల అబద్ధమైతే బయట ఎంత మెరిసినా టెక్నిక్ కాదని.

ఆ తర్వాత బుగాటీ షిరాన్ 2018లో 3599 ముక్కలతో, లంబోర్గినీ సియాన్ 2020లో 3696 ముక్కలతో, ఫెరారీ డేటోనా 2022లో 3778 ముక్కలతో వచ్చాయి. ఈ ఖరీదైన కార్ల వరస చూసి 'అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మలైపోతున్నాయి' అని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. క్రేన్లు, ట్రాక్టర్లు, తవ్వే యంత్రాలు కావాలని వాళ్ల పోరు. వాళ్లకి నచ్చినవీ రాకపోలేదు. 2016లో వచ్చిన బకెట్ చక్రాల ఎక్స్‌కవేటర్‌కి 3929 ముక్కలు. నైవేలీ లిగ్నైట్ గనుల్లో పనిచేసే రాక్షసయంత్రాల బాపతే అది.

2020లో ఆస్ప్రే అనే విమానం ఇంకో రకం గొడవ తెచ్చింది. అది సైన్యాలు వాడే విమానమని జర్మనీ శాంతివాదులు అభ్యంతరం చెప్పడంతో లెగో విడుదలకి కొద్దిరోజుల ముందు ఆపేసింది. అప్పటికే దుకాణాలకి చేరి అమ్ముడుపోయిన కొన్ని పెట్టెలు సేకర్తలకి బంగారమయ్యాయి.

లేని గేరుతో గ్రీకు గడియారం

తిట్టుకున్నా పొగుడుకున్నా చివరికి ఈ ముక్కలతో ఏం కట్టారన్నదే కదా ముఖ్యం. 2018లో కంపెనీ వాళ్లే పది లక్షలకు పైగా టెక్నిక్ ముక్కలతో నిజం సైజు బుగాటీ కట్టారు. బొమ్మల్లో వాడే మోటార్లు 2304 పెడితే వచ్చిన బలం 5.3 హార్స్‌పవర్. మన మోపెడ్ల స్థాయి! ఒకటిన్నర టన్నుల ఆ కారు మనిషిని కూర్చోబెట్టుకుని గంటకి 20 కిలోమీటర్లకు పైగా వేగంతో నడిచింది. చట్రంలో ఉక్కు ఉంది, చక్రాలు నిజం బుగాటీవే అనుకోండి.

నాకు దానికన్నా గొప్పగా అనిపించింది ఆండ్రూ కరోల్ చేసిన పని. ఈయన ఆపిల్ కంపెనీలో ఇంజినీరు. గ్రీసు దగ్గర సముద్రంలో మునిగిన ఓడలోంచి ఆంటికితెరా యంత్రం అనేదొకటి బయటపడింది. సూర్యచంద్రుల గమనాన్నీ గ్రహణాల్నీ లెక్కగట్టే, రెండువేల ఏళ్లనాటి పళ్లచక్రాల యంత్రం. దాన్ని లెగోతో కట్టాలని కరోల్ కోరిక. చిక్కేమిటంటే ఆ గ్రీకు యంత్రానికి 127 పళ్ల లెక్క కావాలి. 127 ప్రధాన సంఖ్య. 8, 16, 24, 40 పళ్ల గేర్లని ఎన్ని రకాలుగా గుణించినా, భాగించినా అది రాదు. కొత్త ముక్క కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదాయన. డిఫరెన్షియల్‌ని తిరగేసి వాడాడు. రెండు వైపుల నుంచి రెండు వేగాలు లోపలికి పంపితే కూడిక చేసి ఒక వేగం బయటికిస్తుంది. గుణకారంతో రానిది కూడికతో వచ్చేసింది! 1500 ముక్కలు, 110 గేర్లతో 2010లో ఆ యంత్రం తయారైంది. కారు మలుపు తిరగడానికని 1980లో ఇచ్చిన ముక్క గ్రహణాలు లెక్కగట్టింది.

బంతులాట యంత్రాలు ఇంకో వింత. ఒకరు కట్టిన యంత్రం చిన్న ప్లాస్టిక్ బంతుల్ని తీసుకుని, ఎత్తి, దొర్లించి పక్కవాళ్ల యంత్రంలో వేస్తుంది. అది ఇంకోదాంట్లో. సెకనుకి సగటున ఒక బంతి చొప్పున అందుకోవాలన్నదొక్కటే ముఖ్యమైన నియమం. ముక్కూ మొహం తెలియనివాళ్లు తలా ఒక యంత్రం తెచ్చి ప్రదర్శనల్లో వరసగా పెడితే హాలంతా బంతులు పరుగులు తీస్తుంటాయి.

మనవాళ్లకి మాత్రం ఈ సరదా ఖరీదైందే. విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్లో 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. 2023లో అది 70 అయింది. దేశంలోని బొమ్మల పరిశ్రమకి ఊతమని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట కాదనలేం కానీ, పెద్ద పెట్టె కొనాలంటే చిన్న ఉద్యోగి నెల జీతం చూసుకోవాల్సిందే. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో బాదంపప్పుల పక్కన కాస్త చోటు ఉంచమని అడిగేది అందుకే.

ఫోను పోతే?

ధర కన్నా ఎక్కువగా అభిమానుల్ని కలవరపెడుతున్నది ఒకటుంది. 2019లో లీబెర్ కంపెనీ పెద్ద తవ్వుయంత్రం బొమ్మ వచ్చింది. 4108 ముక్కలు, ఏడు మోటార్లు. కానీ నడిపేందుకు పెట్టెలో రిమోటు లేదు. ఫోనులో ఆప్ వేసుకోవాలి. 2007లో వచ్చిన బుల్‌డోజరుకి చేత్తో పట్టుకునే రిమోటు ఉండేది. 2023లో అదే లీబెర్ పేరుతో మీటరు ఎత్తు క్రేను వచ్చింది. ముక్కలు 2883. తవ్వుయంత్రం అమెరికాలో 450 డాలర్లయితే దీనికి దాదాపు 680. అదీ ఫోను ఉంటేనే కదులుతుంది. అభిమానులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

వాళ్ల భయం ఊహ కాదు. 1998లో వచ్చిన 'సైబర్‌మాస్టర్'ని ప్రోగ్రాములతో ఆడించాలంటే ఆనాటి విండోస్ కంప్యూటర్ని వెతికి తేవాలి. అదే ఏడాది మొదలైన 'మైండ్‌స్టార్మ్స్' రోబోల పెట్టెల్ని 2022 చివర్లో ఆపేశారు. కాలిఫోర్నియాలో శుభమ్ బెనర్జీ అనే భారత సంతతి కుర్రాడు పన్నెండేళ్ల వయసులో, 2014లో, అంధుల కోసం చవకైన బ్రెయిలీ ప్రింటరు కట్టింది ఆ పెట్టెతోనే. 1958 నాటి ఇటుక ఇవాళా పనిచేస్తుంది. ఆప్‌తో నడిచే క్రేను ఇరవయ్యేళ్ల తర్వాత మనవడి చేతికొస్తే కదులుతుందా? ప్లాస్టిక్కుకేం కాదు, గేర్లకీ ఏం కాదు. ఫోను మారిపోతుంది.

తిట్టి ఊరుకోకుండా కొందరు పనికి దిగారు. 'పైబ్రిక్స్' పేరుతో సొంత సాఫ్ట్‌వేర్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దాన్ని మోటార్లను నడిపే పెట్టెలోకి ఎక్కిస్తే తర్వాత ఫోను లేకుండానే యంత్రం ఆడుతుంది. లెగో విడిగా అమ్మిన చిన్న రిమోటుతోనూ నడుస్తుంది. కొందరైతే 1990లో వచ్చిన 'కంట్రోల్ సెంటర్'ని అటక మీద నుంచి దింపి చూపిస్తారు. బటన్లు నొక్కుతూ దాని చేత బొమ్మ గీయిస్తే ఆ కదలికల్ని గుర్తుపెట్టుకుని మళ్లీ తనంతట తనే గీస్తుంది. దానికి కరెంటు చాలు.

2024లో లెగో 526 ముక్కల చిన్న పెట్టె ఒకటి తెచ్చింది. సూర్యుడి చుట్టూ భూమి, భూమి చుట్టూ చంద్రుడు. మోటారు లేదు, ఆప్ లేదు. పక్కనున్న పిడి తిప్పితే గేర్లు తిరిగి నెలలు మారతాయి, చంద్రకళలు మారతాయి. ఖరీదైన కార్ల మధ్య దాన్ని చూసి అభిమానులు ముచ్చటపడ్డారు. ముచ్చటపడి ఊరుకున్నారా? పిడి ఎన్నిసార్లు తిప్పితే ఏడాదవుతుంది, చంద్రుడి లెక్కలో తేడా ఎంతొస్తోంది, ఏ గేరు మారిస్తే ఆ తేడా తగ్గుతుంది... పళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.